ఎన్నికల సర్వేలు, ప్రచార వ్యూహం పనిలోకి రావాలనుకునే తిరుపతి, చిత్తూరు వాళ్లకు: తరచుగా అడిగే ప్రశ్నలు

మేం తిరుపతిలో సర్వేల పని చేస్తామని తెలిసినవాళ్లు ఫోన్ చేసి ఇవే సందేహాలు అడుగుతుంటారు. ఎస్వీ యూనివర్సిటీ పిల్లలు, డిగ్రీ అయ్యి ఏం చేయాలో తోచనివాళ్లు, ఒక్కోసారి వాళ్ల నాన్నలు కూడా. అందరికీ పనికొస్తుందని జవాబులన్నీ ఒకచోట పెట్టాం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## చేరక ముందు

పోల్‌స్టర్, స్ట్రాటజిస్ట్ రెండూ ఒకటేనా?

కాదు. జనం మనసులో ఏముందో కొలిచేవాడు పోల్‌స్టర్. ఆ లెక్క చూసుకుని ఏ ఊళ్లో ఏం మాట్లాడాలి, ఎవరిని కలవాలి, డబ్బూ టైమూ ఎక్కడ పెట్టాలి అని తేల్చేవాడు స్ట్రాటజిస్ట్. మన దగ్గర రెండు పనులూ ఒకే సంస్థ, చాలాసార్లు ఒకే మనిషి చేస్తుంటాడు. చిక్కంతా అక్కడే ఉంది. వ్యూహం తనదే అయినప్పుడు అది పనిచేయడం లేదని చెప్పే సర్వేని కూడా తనే తెచ్చి అభ్యర్థి ముందు పెట్టాలి. అందుకు అందరికీ మనసు రాదు. ఒక అసెంబ్లీ ఎన్నిక నుంచి ఇంకో ఎన్నిక దాకా సర్వే పని మాత్రమే నేర్చుకోండి, ప్రచారం సంగతి తర్వాత చూడొచ్చు అని మేం చెప్పేది ఇందుకే. లెక్క చేతకాకుండా వ్యూహకర్తనని బోర్డు పెట్టుకున్నవాడు అభ్యర్థికి ఇష్టమైన మాటలు అమ్ముకుని బతకాల్సిందే.

ప్రశాంత్ కిశోర్ లాగా అవ్వాలంటే ఏం చదవాలి?

ఆయన ప్రజారోగ్య రంగం నుంచి వచ్చాడు. దీనికంటూ ప్రత్యేకమైన డిగ్రీ ఏదీ లేదు. అయితే ఆయన కథ మొత్తం చూడండి. ఆయన పనిచేసినవాళ్లు గెలిచిన 2015 బీహార్, 2019 ఆంధ్రా, 2021 బెంగాల్ ఎన్నికలు అందరికీ గుర్తుంటాయి. 2017లో ఉత్తరప్రదేశ్‌లో కాంగ్రెస్‌కు పనిచేస్తే ఆ పార్టీకి వచ్చినవి 7 సీట్లు. 2025 బీహార్ ఎన్నికల్లో సొంత పార్టీకి ఒక్క సీటూ రాలేదు. మన రాష్ట్రమే తీసుకోండి. 2019లో ఆయన నడిపించిన ఐప్యాక్ సంస్థ పనిచేసిన వైసీపీకి 151 సీట్లు వచ్చాయి. ఆయన తప్పుకున్నాక 2024లో అదే సంస్థ అదే పార్టీకి పనిచేస్తే 11 వచ్చాయి. గాలి ఎటు వీస్తే వ్యూహకర్తల పేర్లూ అటే వినిపిస్తాయి.

నేను బీటెక్ చేశాను. పనికొస్తుందా, మళ్లీ ఏదైనా చదవాలా?

పనికొస్తుంది. స్టాటిస్టిక్స్, పొలిటికల్ సైన్స్, ఎకనామిక్స్, సోషియాలజీ చదివినవాళ్లకు కొంచెం ముందడుగు ఉంటుంది, అంతే. ఎక్సెల్ చేతికి బాగా అలవాటు కావాలి. తర్వాత లెక్కలకు వాడే ప్రోగ్రామింగ్ భాషల్లో ఆర్ (R) గానీ పైథాన్ గానీ ఒక్కటి వస్తే చాలు. ఢిల్లీలోని సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థలో ఎన్నికల సర్వేలు చేసే లోక్‌నీతి విభాగం తన సర్వేల్లో శాంపిల్ ఎలా తీసిందో, ఏ ప్రశ్న ఎలా అడిగిందో వివరంగా చెబుతుంది. అవి చదివితే సగం కోర్సు చేసినట్టే. ఇంకొకటి, తెలుగులో తిన్నగా ప్రశ్న రాయగలగాలి. ఇంగ్లిష్‌లో తయారై తెలుగులోకి మారిన ఫారాలు కొన్ని చూస్తుంటాం. పుత్తూరులో మగ్గం దగ్గర కూర్చున్న మనిషికి ఆ ప్రశ్న చదివి వినిపిస్తే, మనం ఏం అడుగుతున్నామో ఆయనే మనల్ని అడుగుతాడు.

పార్టీలో తిరిగిన అనుభవం ఉంటే మంచిదేనా?

ప్రచారం వైపు మంచిదే. సర్వే వైపు మాత్రం అడ్డం. మీ ఊళ్లో మీరు ఏ పార్టీ మనిషో తెలిస్తే ఎదుటివాళ్లు మీ ముఖం చూసి జవాబు చెబుతారు.

కులం చూసి పని ఇస్తారా?

దాచడం ఎందుకు, కొన్ని చోట్ల చూస్తారు, ముఖ్యంగా నియోజకవర్గ కోఆర్డినేటర్ లాంటి పనులకు. ఫీల్డులోనూ ఇది తప్పదు. గడప ఎక్కగానే "యా ఊరప్పా మీది? ఇంటిపేరేంది?" అని అడుగుతారు. అడిగేది ఇంటిపేరు, తెలుసుకోవాలనుకునేది ఇంకొకటి. ఊరి పేరు చెప్పి, యూనివర్సిటీలో చదివామని చెప్పి, నవ్వి పనిలోకి దిగిపోవడం మంచిది. మేం ఎవరినీ సొంత మండలానికి పంపం. టీములో అన్ని వర్గాల పిల్లలూ ఉండేలా చూసుకుంటాం. అందరూ ఒకే వర్గంవాళ్లయితే ఆ తేడా లెక్కల్లో తేలుతుంది.

## ఫీల్డులో మొదటి రోజులు

మొదట ఏం పని ఇస్తారు?

చేతికి ఫోనో ట్యాబో, బూత్ నంబరు, ఓటర్ల జాబితాలోంచి తీసిన కొన్ని పేర్లు ఇస్తారు. ఆ పేర్లవాళ్లనే వెతికి పట్టుకోవాలి. ఇంట్లో లేకపోతే సాయంత్రం మళ్లీ వెళ్లాలి. ఖాళీగా అరుగు మీద కూర్చున్న పక్కింటాయన్ని అడిగేసి రావడం కుదరదు. ఖాళీగా ఉండేవాళ్ల ఓటు, పొద్దున్నే పనికి పోయేవాళ్ల ఓటు ఒకేలా ఉండవు.

టీ కొట్టు దగ్గర నలుగురిని అడిగితే ఊరి నాడి తెలిసిపోదా?

టీ కొట్టు నాడి తెలుస్తుంది. అక్కడ ఆడవాళ్లు ఉండరు. మన రాష్ట్ర ఓటర్ల జాబితాలో మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువ. తిరుపతిలో ఇంకో తిప్పలు కూడా ఉంది. ఆర్టీసీ బస్టాండు దగ్గర, శ్రీనివాసం చుట్టుపక్కల నిలబడితే మీకు ఎదురయ్యేవాళ్లలో చాలామంది కొండకు వచ్చిన యాత్రికులే, ఇక్కడ ఓటున్నవాళ్లు కాదు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలంటారు గానీ, ఊళ్ల విషయంలో అలా కుదరదు. కొర్లగుంటలో ఉడికింది పక్కనున్న టీటీడీ ఉద్యోగుల వీధిలో పచ్చిగానే ఉండొచ్చు.

ఇంటికి వెళ్లి అడిగితే మాత్రం నిజం చెబుతారా?

చెప్పించుకోవడం తెలియాలి. సగం పని అదే.

చంద్రగిరి వైపు ఒక ఇల్లు అనుకోండి. జాబితాలో ఉన్నది ఇంటావిడ పేరు. మీరు అడగ్గానే అరుగు మీద నుంచి ఆయన అందుకుంటాడు, "మా ఇంట్లో అందరం ఒకటేనప్పా, రాసుకో" అని. ఆవిడ తలుపు చాటున నిలబడి "అంతా బాగానే ఉండాది" అంటుంది. ఆ మాట రాసుకుని వచ్చేస్తే మీకు దొరికింది ఆయన ఓటే, అదీ రెండుసార్లు. ఇలాంటప్పుడు పార్టీ గుర్తులు వేసిన చీటీ ఆవిడ చేతికిచ్చి, టిక్కు పెట్టి మడిచి డబ్బాలో వెయ్యమనాలి. మీరు అటు తిరిగి నిలబడాలి. లోక్‌నీతి వాళ్లు ఎప్పటి నుంచో వాడుతున్న పద్ధతే ఇది. నోటితో ఒక పార్టీ పేరు చెప్పి చీటీలో ఇంకో గుర్తుకు టిక్కు పెట్టేవాళ్లు ఉంటారు.

ప్రశ్నల వరస కూడా జవాబును మారుస్తుంది. ముందు నీళ్లు, రోడ్లు, తోతాపురి మామిడి ధర, పాల ధర గురించి అడిగి, చివర్లో ఓటెవరికని అడిగితే అప్పటికే రేగిన కోపం అధికార పార్టీ మీద పడుతుంది. కుటుంబం గురించి ఒకటి రెండు మామూలు మాటలు మాట్లాడి, ముందు ఓటు సంగతి తేల్చుకుని, తర్వాతే సమస్యల్లోకి దిగాలి. పోయినసారి ఎవరికి వేశారని అడిగితే గెలిచిన పార్టీకే వేశామనేవాళ్లు నిజంగా వేసినవాళ్ల కంటే ఎప్పుడూ ఎక్కువగానే ఉంటారు. ఆ తేడా ఎంతో చూసుకుంటే ఆ ఊరి జవాబులు ఎంతవరకు నమ్మాలో అర్థమవుతుంది.

రికార్డు గొంతుతో ప్రశ్నలడిగే ఐవీఆర్ఎస్ ఫోన్ కాల్స్ ఉండగా ఊళ్లు తిరగడం ఎందుకు?

ఇంట్లో ఫోను ఎక్కువగా మగవాళ్ల చేతిలో ఉంటుంది. రికార్డు గొంతు వినపడగానే చాలామంది కట్ చేస్తారు. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటే ఓపిగ్గా నొక్కేది రాజకీయం మీద ఆసక్తి ఉన్నవాళ్లే. పార్టీలు టికెట్ల కోసం, కార్యకర్తల అభిప్రాయం కోసం దీన్ని వాడుకుంటాయి. తక్కువ ఖర్చుతో త్వరగా తేలుతుంది కాబట్టి అది సబబే. నియోజకవర్గం మొత్తం ఓటు తెలుసుకోవాలంటే అది చాలదు.

అమ్మాయిలు ఫీల్డుకు రావచ్చా?

రావాలి. ఇళ్లలోకి పిలిచి కూర్చోబెట్టి మాట్లాడేది వాళ్లతోనే. ఇద్దరిద్దరుగా పంపాలి, చీకటి పడకముందే బండి ఎక్కించాలి, ఆ ఊళ్లో బాత్రూమ్ సౌకర్యం ఎక్కడో సూపర్‌వైజర్ ముందే కనుక్కోవాలి. ఇవి చూసుకోని సంస్థలో చేరకండి.

నగరి, సత్యవేడు, కుప్పం వైపు తమిళం రాకపోతే కష్టమా?

కొన్ని ఊళ్లలో కష్టమే. తెలుగులో అడిగితే అర్థంకాక కాదు, తమిళంలో మాట్లాడితే మనవాడే అనుకుని మనసు విప్పుతారని. కుప్పం వైపు కన్నడం కూడా పనికొస్తుంది. రెండు భాషలు వచ్చిన పిల్లలకు తమిళనాడు ఎన్నికల్లోనూ పిలుపు వస్తుంది. ఇది మన జిల్లాలవాళ్లకు పుట్టుకతో వచ్చిన అర్హత, వాడుకోండి.

ఫారానికి ఇంత అని ఇస్తే మంచిదా, రోజు లెక్క మంచిదా?

రోజు లెక్కే. ఫారానికి ఇంత అనగానే చెట్టు కింద కూర్చుని నింపడం మొదలవుతుంది. అలాంటి ఫారాలను పట్టుకోవడం కష్టమేమీ కాదు. పావుగంట పట్టాల్సిన ఇంటర్వ్యూ మూడు నిమిషాల్లో అయిపోతుంది. జీపీఎస్ చూస్తే ఇరవై ఇళ్లూ ఒకే చుక్క మీద ఉంటాయి. "చెప్పను" అన్నవాళ్లు ఒక్కరూ ఉండరు. నిజంగా ఊరు తిరిగొచ్చిన ఫారాల్లో విసుక్కున్నవాళ్లు, మధ్యలో లేచిపోయినవాళ్లు, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్లి మళ్లీ రానివాళ్లు తప్పకుండా ఉంటారు.

పార్టీవాళ్లు చుట్టుముట్టి ఎవరు పంపారని నిలదీస్తే?

వాదనకు దిగొద్దు. గుర్తింపు కార్డు చూపించి, సూపర్‌వైజర్‌కు ఫోన్ కలిపి ఇవ్వండి. వాళ్లు వినకపోతే ఆ బూత్ వదిలేసి రండి. ఆ ఊళ్లో మళ్లీ ఎప్పుడు, ఎవరు వెళ్లాలో ఆఫీసులో చూసుకుంటారు.

## లెక్కల బల్ల దగ్గర

ఒక అసెంబ్లీ నియోజకవర్గానికి ఎంతమందిని అడగాలి?

సరైన పద్ధతిలో ఎంచుకున్న 400 మందిని అడిగితే సుమారు 5 శాతం అటూఇటూగా తెలుస్తుంది. 1,100 మందిని అడిగితే 3 శాతానికి తగ్గుతుంది. నియోజకవర్గంలో రెండు లక్షల ఓట్లున్నా మూడు లక్షలున్నా ఈ లెక్క పెద్దగా మారదు. అయితే ఇది పేర్లు చీటీ తీసినట్టు ఎంచుకున్నప్పటి మాట. మనం కొన్ని బూత్‌లు తీసుకుని ఒక్కో బూత్‌లో కొందరిని అడుగుతాం కాబట్టి అసలు తేడా ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. 400 మందిని అడిగి ఒక పార్టీకి 46, ఇంకో పార్టీకి 42 వచ్చిందంటే ఎవరూ ముందు లేరన్నట్టే లెక్క. నాలుగు శాతం ఆధిక్యం అని స్లైడు మీద పెద్దక్షరాలతో వేసేవాళ్లను నమ్మకండి. మేమైతే ఎక్కువమందిని అడగడం కంటే ఎక్కువ బూత్‌లకు వెళ్లడానికే డబ్బు పెడతాం.

2019లో తిరుపతిలో వచ్చిన 708 ఓట్ల మెజారిటీని ఏ సర్వే అయినా ముందే చెప్పగలిగేదా?

లేదు. పోలైన ఓట్లలో అది అర శాతం కూడా కాదు. అలాంటి చోట "హోరాహోరీ" అని రాసి ఊరుకున్నవాడే నిజాయితీగా చెప్పినట్టు. తర్వాత ఎవరైనా "మేం చెప్పాం కదా" అంటే అది అదృష్టం, నైపుణ్యం కాదు.

ఎమ్మెల్యే ఓటు ఎటో తెలిస్తే ఎంపీ ఓటు కూడా తెలిసినట్టే కదా?

2024లో తిరుపతి లోక్‌సభ పరిధిలోని ఏడు అసెంబ్లీ స్థానాలూ కూటమి గెలిచింది. ఎంపీ స్థానం మాత్రం 14 వేల పైచిలుకు ఓట్ల తేడాతో వైసీపీకి వచ్చింది. ఒకే రోజు, ఒకే బూత్, అవే వేళ్లు. తిరుపతి నగరంలో కూటమి ఓటరు ఒక యంత్రంలో గాజు గ్లాసు, ఇంకో యంత్రంలో కమలం నొక్కాలి. మిగతా సెగ్మెంట్లలో సైకిలూ కమలమూ. గుర్తు మారేచోట కొన్ని ఓట్లు జారిపోతాయి, అభ్యర్థిని చూసి వేసేవాళ్లు ఇంకొందరు ఉంటారు. అందుకే రెండు ఓట్లకూ రెండు ప్రశ్నలు, రెండు చీటీలు ఉండాలి. ఒకటి అడిగి రెండోది ఊహించుకోకూడదు.

ఓట్ల శాతం తెలిస్తే సీట్లు చెప్పేయొచ్చా?

చెప్పడం ప్రమాదం. 2024లో వైసీపీకి 39 శాతం ఓట్లు వచ్చాయి, సీట్లు మాత్రం 175లో 11. ఎదుటివాళ్ల ఓట్లు ఒక గుర్తు వెనక చేరినప్పుడు ఇలా అవుతుంది. శాతంలో రెండు పాయింట్లు తప్పితే సీట్లలో ముప్పై నలభై మారిపోతాయి. టీవీ వాళ్లకు సీట్లు కావాలి కాబట్టి అందరూ చెబుతారు. సొంత క్లయింటుకు ఇచ్చే రిపోర్టులో మేం శాతమే ఇస్తాం.

పేరున్నవాళ్ల సర్వేలు కూడా ఎందుకు తప్పుతాయి?

మాజీ ఎంపీ లగడపాటి రాజగోపాల్ సర్వే అంటే ఒకప్పుడు పందేలు కాసేవాళ్లకు వేదం. 2018లో తెలంగాణలో కాంగ్రెస్, టీడీపీ కలిసిన ప్రజాకూటమి వైపు మొగ్గు ఉందన్నారు, టీఆర్ఎస్ 88 సీట్లు గెలిచింది. 2019లో మన దగ్గర టీడీపీ అన్నారు, వైసీపీకి 151 వచ్చాయి. కారణం ఒక్కటే అని చెప్పలేం గానీ, మాకు తరచుగా కనిపించేది మాట్లాడని ఓటరు. "చెప్పను" అన్నవాళ్లను అన్ని పార్టీలకూ సమానంగా పంచేస్తే లెక్క అక్కడే దారి తప్పుతుంది. వాళ్లు ఏ బూత్‌వాళ్లు, ఆ బూత్ పోయినసారి ఎటు వేసింది, వాళ్ల వయసెంత అని చూడాలి. చిన్న ఎన్నికలను తేలిగ్గా తీసుకోవడం ఇంకో తప్పు. 2023 మార్చిలో మూడు పట్టభద్రుల ఎమ్మెల్సీ స్థానాలూ టీడీపీ గెలిచినప్పుడు, వాళ్లు చదువుకున్న ఓటర్లు, వేరే లెక్క అని కొట్టిపారేసినవాళ్లు చాలామంది.

పాత ఎన్నికల బూత్ లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?

రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైటులో ఫారం-20 అని ఉంటుంది. ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది. ఉచితం. కొన్ని స్కాన్ చేసిన కాగితాలు కాబట్టి కూర్చుని టైపు చేసుకోవాలి. బూత్‌ల నంబర్లు ఎన్నిక ఎన్నికకూ మారతాయి, అది సరిచూసుకోకుండా పోల్చకండి. పని నేర్చుకోవాలనుకునేవాళ్లు సొంత నియోజకవర్గం ఫారం-20తో మొదలుపెట్టొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

## ప్రచారంలోకి దిగాక

స్ట్రాటజిస్ట్ రోజంతా ఏం చేస్తాడు?

సినిమాల్లో చూపించినట్టు తెర ముందు నిలబడి నినాదాలు కనిపెట్టడు. ఎన్నికకు ఏడాది ముందు ఓటర్ల జాబితాతో కుస్తీ పడతాడు. చనిపోయినవాళ్లు, రెండు చోట్ల పేరున్నవాళ్లు, కొత్తగా 18 నిండినవాళ్లు ఎవరో తేల్చి, పేరు చేర్చడానికి, తీసేయడానికి, సరిదిద్దడానికి పెట్టే ఫారం 6, 7, 8 ఎవరెవరితో పెట్టించాలో చూస్తాడు. తర్వాత బూత్ కన్వీనర్లు నిజంగా ఉన్నారా, కాగితం మీదే ఉన్నారా అని ఆరా తీస్తాడు. ప్రచారం మొదలయ్యాక అభ్యర్థి రూటు, ఆ ఊళ్లో అలిగిన నాయకుడెవరు, ఎవరి ఇంట్లో కాఫీ తాగకపోతే ఎవరికి కోపం వస్తుంది లాంటివి. మామిడి రైతుల ఊరికి సీజన్లో వెళ్తే తోటల్లోకే వెళ్లాలి. మరమగ్గాల ఊరికి కరెంటు బిల్లు మీద మాట్లాడటం తెలియకుండా వెళ్లకూడదు.

నంబరు బాగాలేదని చెబితే అభ్యర్థి నమ్మడు, చుట్టూ ఉన్నవాళ్లు చెప్పనివ్వరు. ఏం చేయాలి?

ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి. పదిమంది ముందు చెబితే ఆయన పరువు కోసమైనా కాదంటాడు. రాష్ట్రం లెక్క కాదు, ఆయనకు తెలిసిన నాలుగు బూత్‌ల లెక్క ముందు పెట్టండి. తన మనుషులను అక్కడికి పంపి కనుక్కుంటాడు, అప్పుడు మిగతాది నమ్ముతాడు. "బాగానే ఉంది సార్, కొంచెం కష్టపడాలి" అనే వాక్యం మాత్రం రిపోర్టులో రాయకండి. అది చదివినవాడికి బాగానే ఉంది అన్నంతవరకే వినిపిస్తుంది.

బెంగళూరులో, చెన్నైలో ఉన్నవాళ్ల ఓట్లు ఎలా లెక్కపెట్టాలి?

కుప్పం, పలమనేరు వైపు నుంచి బెంగళూరుకు, సత్యవేడు, నగరి వైపు నుంచి చెన్నైకి పనికి వెళ్లినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఇంటింటికీ తిరిగే సర్వేలో వాళ్లు దొరకరు, పోలింగ్ రోజు మాత్రం వచ్చి వేస్తారు. ఇంట్లో ఉన్నవాళ్ల దగ్గర నంబరు తీసుకుని ఫోనులో విడిగా అడగాలి. రిపోర్టులోనూ ఆ లెక్క విడిగానే చూపించాలి.

డబ్బు పంచే ప్లాన్ కూడా మనమే వెయ్యాలా?

వెయ్యకూడదు. ఓటుకు డబ్బివ్వడం ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అవినీతి చర్య, క్రిమినల్ నేరం కూడా. లిస్టు మీ ల్యాప్‌టాప్‌లో దొరికితే జైలుకు వెళ్లేది మీరు. ఆ పని చేసిపెట్టమని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. మా ఒప్పందంలో అది లేదని మొదటి రోజే చెప్పినవాళ్లను చివర్లో పెద్దగా ఇబ్బంది పెట్టరు.

## డబ్బు, చట్టం

జీతం ఎలా ఉంటుంది? టైముకు ఇస్తారా?

ఫీల్డులో రోజు లెక్క, పెట్రోలు, భోజనం విడిగా. పెద్ద సంస్థల్లో నెల జీతం ఉంటుంది గానీ కాంట్రాక్టు చాలావరకు ఎన్నికల దాకానే. సొంతంగా అభ్యర్థులకు చేసేవాళ్లు ఒక్క నియమం పెట్టుకోండి: పోలింగ్ రోజుకు ముందే మొత్తం చేతికి రావాలి. కౌంటింగ్ అయ్యాక ఓడినవాళ్లు ఫోన్ ఎత్తరు, గెలిచినవాళ్లు దొరకరు. నోటిమాట మీద పని మొదలుపెట్టొద్దు, బంధువైతే అసలే వద్దు. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. ఆయన మీకిచ్చే డబ్బు ఏ ఖాతా నుంచి వస్తోంది, ఎలా చూపిస్తున్నారు అని వాళ్ల ఆడిటర్‌ను అడిగి తెలుసుకోండి.

మా సర్వే ఫలితం వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొచ్చా?

ఓటేసి వచ్చినవాళ్లను అడిగే ఎగ్జిట్ పోల్ అయితే ఎన్నికల సంఘం చెప్పిన గడువు ముగిసేదాకా పెట్టకూడదు. ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 126ఏ కింద రెండేళ్ల దాకా జైలు లేదా జరిమానా, ఒక్కోసారి రెండూ. 2024లో మన పోలింగ్ మే 13న అయిపోయినా, దేశంలో చివరి విడత ముగిసిన జూన్ 1 సాయంత్రం దాకా అందరూ నోరు మూసుకున్నది ఇందుకే. పోలింగ్ ముగియడానికి ముందు 48 గంటల్లో ఒపీనియన్ పోల్స్ కూడా బయటపెట్టకూడదు. క్లయింటు కోసం చేసిన సర్వే ఎప్పుడైనా సరే క్లయింటుదే, స్నేహితుల గ్రూపుకు కాదు.

ఓటర్ల ఫోన్ నంబర్లు, కులం వివరాలు దాచుకోవచ్చా?

పని అయ్యాక చెరిపేయండి. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ఎవరికి ఓటేస్తాడో, పేరూ ఫోన్ నంబరుతో సహా మీ దగ్గరున్న ఎక్సెల్ షీటు ఊరి పెద్ద చేతిలో పడితే ఆ మనిషి గతేమిటో ఆలోచించండి. జవాబులు ఒక ఫైలు, పేర్లు ఇంకో ఫైలు, రెండూ కలిపి ఎవరికీ ఇవ్వకూడదు. అభ్యర్థి అడిగినా సరే.

## ఎన్నికలు అయిపోయాక

ఎన్నికలు లేనప్పుడు ఎలా బతకాలి?

పంచాయతీ, మున్సిపల్, ఎమ్మెల్సీ ఎన్నికలు మధ్యలో వస్తూనే ఉంటాయి. పక్కనే తమిళనాడు, కర్ణాటక ఉన్నాయి. మిగతా కాలంలో పాల కంపెనీలకు, ఆస్పత్రులకు, స్వచ్ఛంద సంస్థలకు సర్వేలు చేస్తాం. పద్ధతి ఒకటే, ఓటు బదులు పెరుగు ప్యాకెట్టు. రాజకీయం లేకపోతే కిక్కు లేదనుకునే పిల్లలు ఈ పనిలో నిలబడరు.

ఒక పార్టీకి చేసి తర్వాత ఇంకో పార్టీకి చేయొచ్చా?

చేయొచ్చు, చాలామంది చేస్తున్నారు. పాత క్లయింటు డేటా కొత్తవాళ్లకు ఇవ్వకూడదు, ఒకే ఎన్నికలో రెండు వైపులా చేయకూడదు. ఈ రెండూ పాటిస్తే ఎవరూ తప్పుపట్టరు. తిరుపతి చిన్న ఊరు, ఏమి చేసినా వారంలో అందరికీ తెలిసిపోతుంది.

తిరుపతిలోనే ఉండి చేయొచ్చా, హైదరాబాద్ వెళ్లక తప్పదా?

ఫీల్డు, సర్వే నిర్వహణ ఇక్కడి నుంచే చేయొచ్చు. విశ్లేషణ ఆఫీసులు ఎక్కువగా హైదరాబాద్‌లో ఉన్నాయి, పార్టీల కేంద్ర కార్యాలయాలు మంగళగిరి, తాడేపల్లి వైపు ఉన్నాయి. ఎన్నికల ఏడాదిలో అక్కడికి వెళ్లక తప్పదు. మొదటి ఎన్నికకు మాత్రం ఇక్కడే ఉండమంటాం. నగరిలో ఎవరు ఎందుకు అలిగారో తెలిసిన మనిషి హైదరాబాద్ ఆఫీసుకు కావాలి, కుర్చీలో కూర్చునేవాళ్లు అక్కడ ఇప్పటికే చాలామంది ఉన్నారు.